దిక్కులేని ఫైళ్లు

గుండ్లవాగు డివిజన్ ప్రజలకు ఎటువంటి సమస్యలూ లేవు. ఇది పుకారు కాదు, ప్రభుత్వ లెక్క. ప్రజా వినతుల కేంద్రం హాల్లో గోడకు బిగించిన పెద్ద తెర మీద ‘పెండింగు: 0’ అని పచ్చరంగులో మూడేళ్లుగా వెలుగుతూ ఉంది. ఊళ్లలో నీళ్లు రాని కుళాయిలు, దీపాలు లేని స్తంభాలు, గుంటల మధ్య వెతుక్కోవలసిన రోడ్లు అక్కడక్కడా ఉన్నమాట వాస్తవమే. అయితే అవి కంటికి కనిపించేవే తప్ప తెర మీద కనిపించేవి కావు. అందుచేత వాటిని సమస్యలుగా గుర్తించే అవకాశం నిబంధనల్లో లేకపోయింది.

ఈ ఘనత డివిజన్ అధికారి రామకాంత్ గారిది. అన్ని ఆఫీసుల్లోనూ సమస్యను పరిష్కరించి, ఆ తర్వాత పరిష్కరించామని రాస్తారు. ఇందులో వృథా అవుతున్న కాలాన్ని గమనించి, మొదటి అంచెను తొలగించిన దూరదృష్టి ఆయనది. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆ వారం వచ్చిన వినతులన్నిటినీ కంప్యూటర్లో ఒక్కసారిగా ఎంపిక చేసి ‘పరిష్కారం’ అనే బటన్ నొక్కించేవారు. నొక్కగానే వినతులు తెర మీద నుంచి మాయమయ్యేవి. అర్జీదారు ఫోనుకు సందేశం వెళ్లేది: ‘మీ సమస్య పరిష్కరించబడినది. మీ సంతృప్తిని నక్షత్రాల రూపంలో తెలియజేయగలరు.’ ఈ విధానానికి రామకాంత్ గారికి వరసగా రెండేళ్లు ‘సున్నా పెండింగు’ పురస్కారం వచ్చింది. మూడోది వచ్చే వారం శనివారం, రాజధాని నుంచి వచ్చే ముఖ్య అతిథి చేతుల మీదుగా అందుకోవలసి ఉంది. అది కూడా వస్తే రాజధానిలో, తుళ్లూరు వైపు, పెద్ద కుర్చీ ఖాయమని ఆయనకు నమ్మకమైన సమాచారం.

ఆ బటన్ నొక్కే వేలు మాత్రం త్యాగరాజుది.

త్యాగరాజు సింగరాయకొండ అర్చకుల ఇంట పుట్టి, టైపు హయ్యరు పాసై, ఆఫీసులో టైపిస్టుగా చేరిన మనిషి. యాభై మూడేళ్లు. టైపుమిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ప్లగ్గుకు దగ్గరగా కూర్చున్నది ఆయనే కాబట్టి కంప్యూటర్లు ఆయనకు అప్పగించారు. తర్వాత సర్వర్ వచ్చింది. దాన్ని వెనకటి విత్తనాల గదిలో పెట్టి తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు. ఆఫీసు పక్కనే మిరపకాయల గోదాములు. ఆ ఘాటుకు మనుషులు తుమ్ముతారు, సర్వర్ తుమ్మలేదు గనుక దాని ఫ్యాన్లలో ఎర్రటి దుమ్ము పేరుకునేది. త్యాగరాజు రోజూ కుంచెతో దులిపి, గురువారం గురువారం కుంకుమబొట్టు పెట్టేవాడు. ఫోనులో వీడియోలు చూసి దాని మంత్రాలు నాలుగు నేర్చుకున్నాడు. ఎవరి జోలికీ పోని మనిషి. నొక్కమన్నది నొక్కడమే తన ధర్మమనీ, దాని ఫలితం పైవాళ్లదనీ అనుకుని మూడేళ్లూ ప్రశాంతంగా నిద్రపోయాడు.

ఫిబ్రవరి మొదటి మంగళవారం ఉదయం పదకొండింటికి కరెంటు పోయింది. కరెంటు పోతే సర్వర్‌ను కాపాడవలసిన బ్యాటరీలు అప్పటికి ఏడాదిగా రామకాంత్ గారి గదిలో టీవీని కాపాడుతున్నాయి. సర్వర్ టపీమని ఆగింది. కరెంటు వచ్చాక లేవలేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఏదో గొణిగి, ఫైళ్ల అమరిక చెడింది, సరిచేయమంటారా అని అడిగింది. త్యాగరాజు ఆంజనేయస్వామిని తలచుకుని ‘అవును’ నొక్కాడు. మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్నాడు. ముప్పావుగంటసేపు అది అడుగుతూనే ఉంది, ఆయన అవునంటూనే ఉన్నాడు. ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసిన అనుభవం ఈ విధంగా అక్కరకొచ్చింది.

సర్వర్ లేచింది. హాల్లోంచి అటెండరు కేక వినిపించింది. త్యాగరాజు పరుగెత్తుకు వెళ్లి చూస్తే తెర ఎర్రగా ఉంది.

‘పెండింగు: 18,642.’

సంగతి ఏమిటంటే, బటన్ నొక్కాక వినతులు ఎక్కడికి పోతాయని మూడేళ్లలో ఎవరికీ సందేహం రాలేదు. అవి ఎక్కడికీ పోలేదు. సర్వర్లోనే ఒక మూల ఫోల్డరులో పడుతూ వచ్చాయి. కరెంటు పోయిన దెబ్బకు ఆ ఫోల్డరు చెడింది. లోపలి ఫైళ్లు మాత్రం చెడలేదు. ఏది ఎక్కడిదో తెలియక, సర్వర్ తన పద్ధతి ప్రకారం వాటికి తలా ఒక నంబరు తగిలించి, ‘పోయి దొరికినవి’ అనే పెట్టెలో వరసగా పేర్చింది. ఫైలు పైన అర్జీదారు పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. ‘పరిష్కారం’ ఫోల్డరులో లేనిదల్లా పెండింగే అని లెక్కవేయడం తెరకు అలవాటు. అది తన అలవాటు ప్రకారం నిజం చెప్పింది.

రామకాంత్ గారు అరగంటలో అత్యవసర సమావేశం పెట్టారు.

“మిత్రులారా!” అన్నారు గంభీరంగా. “సమస్య పుట్టడం సహజం. కానీ పరిష్కరించబడిన సమస్య మళ్లీ పుట్టడం క్రమశిక్షణారాహిత్యం. ఇది ప్రజలు చేసిన పని కాదు, ప్రజలు మన యందు పూర్ణ సంతృప్తితో ఉన్నారు, నక్షత్రాలే సాక్ష్యం. కనుక ముందుగా ఈ ఫైళ్లు ఏ శాఖకు చెందినవో నిర్ధారించవలసి ఉంది.”

సర్వర్ ఇచ్చిన ఇంగ్లీషు నివేదికను తెలుగులో పెట్టమన్నారు. అందులో ఇలాంటి ఫైళ్లకు వాడిన మాటకు నిఘంటువు ప్రకారం అర్థం ‘అనాథ’. త్యాగరాజు ఉన్నదున్నట్టు ‘18,642 అనాథలు లభ్యమైనవి’ అని రాశాడు. రామకాంత్ గారి ముఖం వికసించింది. అనాథలైతే మన పరిధిలోకి రారు కదా! మధ్యాహ్నానికల్లా అనాథల బాగోగులు చూసే శాఖకు లేఖ వెళ్లింది. వారు అసాధారణమైన చురుకుదనంతో మర్నాడే జవాబిచ్చారు. తమ వసతిగృహంలో అరవై మంచాలే ఉన్నాయనీ, అందులో పదకొండు విరిగాయనీ, అయినప్పటికీ సదరు అనాథల వయసు, ఎత్తు, పుట్టుమచ్చల వివరాలు పంపితే సానుభూతితో పరిశీలిస్తామనీ రాశారు.

ఇక మిగిలింది పాత దారే. “మళ్లీ బటన్ నొక్కేయండి త్యాగరాజుగారూ,” అన్నారు రామకాంత్ గారు.

త్యాగరాజు నొక్కాడు. సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. పేరు, ఊరు, సమస్య అనే మూడు గడులూ నింపితే తప్ప పరిష్కరించనని భీష్మించుకుంది. నింపాలంటే ఒక్కో ఫైలు తెరవాలి. తెరిచి చదవాలి. ప్రజలు ఏం రాశారో చదవవలసిన అగత్యం ఆ ఆఫీసుకు పట్టడం అదే మొదటిసారి. సిబ్బందిలో చాలామందికి హఠాత్తుగా ఒంట్లో బాగుండలేదు. పని త్యాగరాజు మీద పడింది.

మొదటి రోజు మూడువందలు చదివాడు. ఒక ఫైల్లో, తమ ఊరి ఆర్టీసీ బస్సు రెండేళ్ల క్రితం దసరాకు వెళ్లి ఇంకా రాలేదని ఉంది. మరొక దాంట్లో, చేతిపంపు కొడితే గాలి వస్తోందనీ, ఎండాకాలంలో అదీ ఉపయోగమే గాని నీళ్లు కూడా కావాలనీ వేడుకోలు. పత్తి విత్తనం మొలవలేదని ఒకరు, మొలిచి పూత పూయలేదని ఇంకొకరు. చెంచయ్య అనే రైతు తన పొలానికి వెళ్లే డొంకదారి బాగుచేయించమన్న వినతిలో చివర ఇలా రాశాడు: ‘దీన్ని ఎవరూ చదవరని మా వాళ్లంటున్నారు. చదివితే ఒక్క మాట ఫోను చేయండి. పని చేయకపోయినా పర్లేదు.’ కింద నంబరుంది. త్యాగరాజు ఆ నంబరు వంక చాలాసేపు చూశాడు. ఏమని చెయ్యాలో తోచక తర్వాతి ఫైలు తెరిచాడు.

వేములదిన్నె వెంకటరావమ్మ వినతులు పదకొండు దొరికాయి. పదకొండింటి సారాంశం ఒకటే. ఆమె మిరపచేను మీదుగా పోయే కరెంటు తీగ సాగి, మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తుకు దిగింది. మొదటి వినతిలో ‘అయ్యా’ అనీ, ఐదో దాంట్లో ‘మహాప్రభో’ అనీ ఉంది. ఎనిమిదో దాంట్లో, కిందటేడు పత్తి లోడు ట్రాక్టరు తగిలి లోడంతా తగలబడిందనీ, డ్రైవరు దూకి బతికాడనీ రాయించింది. పదకొండో దానికొచ్చేసరికి సంబోధన లేదు. ‘కోతకు పన్నెండు మంది ఆడకూలీలు వస్తారు. తీగ కింద సరుగుడు కర్ర పోటు పెట్టాను. గాలొస్తే కర్ర జారుతుంది. అప్పుడు మీరు రానక్కర్లేదు’ అని మాత్రం ఉంది. ఆ పదకొండూ త్యాగరాజు వేలితోనే పరిష్కారమయ్యాయి.

గురువారం సాయంత్రం నాలుగు దాటాక తెరిచిన ఫైల్లో, స్కాను చేసిన కాగితం మీద చేతిరాత కనిపించింది. గుండ్రంగా, గీత గీసినట్టు వరసగా ఉన్న అక్షరాలు. సంతకం దాకా పోనక్కర్లేకపోయింది. పాతికేళ్లుగా చీటీల మీదా, పెసరపప్పు డబ్బాల మీదా చూస్తున్న రాతే. బాలికల పాఠశాలలో మరుగుదొడ్డికి తలుపు లేదనీ, పిల్లలు ఇద్దరేసి వెళ్లి ఒకరు చున్నీ అడ్డం పట్టుకుంటున్నారనీ, పెద్ద తరగతుల పిల్లలు నెలలో నాలుగు రోజులు బడే మానేస్తున్నారనీ, దయచేసి ఒక తలుపు ఇప్పించమనీ టీచరు జ్ఞానప్రసూనాంబ రాసింది.

ఇంటికి వెళ్లేసరికి ఆమె వరండాలో కూర్చుని నోటుబుక్కులు దిద్దుకుంటోంది.

“ప్రసూనా, మీ బడి తలుపు గురించి మా ఆఫీసుకు అర్జీ పెట్టావా?” అన్నాడు చెప్పులు విప్పకుండానే.

“పెట్టి రెండేళ్లయిందండీ. ఇప్పుడెందుకు?”

“నాకు చెప్పలేదేం?”

“మొగుడు ఆఫీసులో ఉన్నాడని సిఫార్సు చేయించుకుందంటారేమోనని. మీరు సెలవు పెట్టిన సోమవారం చూసి, అందరిలాగే లైన్లో నిలబడి ఇచ్చా.” ఎర్రపెన్ను ఆపి తలెత్తింది. “మీ ఆఫీసు నుంచి మెసేజీ కూడా వచ్చింది. పరిష్కరించేశారట. నక్షత్రాలివ్వమన్నారు. ఐదిచ్చా.”

“తలుపు రాలేదు కదా! ఐదెందుకిచ్చావు?”

“మీ ఆఫీసు కదండీ,” అంది ఆమె. “మీకు మాటొస్తుందేమోనని.”

అందులో వెటకారమేమైనా ఉందేమోనని త్యాగరాజు ఆమె ముఖం వంక చూశాడు. లేదు. ఉంటే బాగుండుననిపించింది. రాత్రి అన్నం సగంలో లేచాడు.

శనివారానికి పదహారు వందలు పూర్తయ్యాయి. ఈ లెక్కన పురస్కారం నాటికి సున్నా కావడం బ్రహ్మతరం కాదని తేలింది. రామకాంత్ గారు అధైర్యపడలేదు. రాజధాని ఆఫీసుకు వెళ్లే నెట్ తీగను సాంకేతిక కారణాల వల్ల పీకించి, హాల్లోని తెరకు అడ్డంగా ముఖ్య అతిథి నవ్వుతున్న ఫ్లెక్సీ కట్టించారు. పద్దెనిమిది వేల సమస్యలు ఒక చిరునవ్వు వెనక్కి వెళ్లిపోయాయి. పరిపాలనలో ఇంతకన్న క్లుప్తమైన పద్ధతి చూడబోము.

సోమవారం వినతుల రోజు. లైన్లో నాలుగో మనిషి వెంకటరావమ్మ. త్యాగరాజు ఆమెను చూడటం అదే మొదలు కాదు గాని, పేరు చూసి ముఖం చూడటం అదే మొదలు. అరవై దాటిన మనిషి. మిరపకోతల నుంచే వచ్చినట్టుంది, చేతివేళ్లు మండుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది.

“పన్నెండోది,” అని కాగితం బల్ల మీద పెట్టింది. “ఇచ్చిపోదామని వచ్చా. అలవాటైపోయింది.”

“కూర్చోమ్మా. తీగ సంగతేగా?”

ఆమె ఉలిక్కిపడింది. “నీకెట్టా తెలుసయ్యా?”

“చదివాను. పదకొండూ చదివాను.”

“ఎప్పుడు?”

“మొన్న.”

వెంకటరావమ్మ అతని వైపు నిదానంగా చూసింది. “మూడేళ్ల నాటివి మొన్న చదివావా? మరి నా ఫోనుకు పరిష్కారం అయిందని పదకొండుసార్లు మెసేజీ కొట్టిందెవరు నాయనా?”

లైన్లో అందరూ వింటున్నారు. “నేనేనమ్మా,” అన్నాడు త్యాగరాజు.

ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. “మెసేజీ చదివిపెట్టమని ప్రతిసారీ మా పక్కింటి పిల్ల దగ్గరికి పోయేదాన్ని. మొదటి రెండుసార్లు నిజమేననుకుని చేలోకి పోయి చూసొచ్చా,” అని లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రామకాంత్ గారు పిలిచారు. ముఖ్య అతిథి హైవే దిగిన దగ్గర నుంచి ఆఫీసు దాకా నాలుగు కిలోమీటర్ల దారి. ఆ దారిలో కంటికి నదరుగా లేనివన్నీ శుక్రవారంలోగా సరిచేయాలని తొమ్మిది శాఖలకు అర్జెంటు ఉత్తర్వు సిద్ధం చేయమన్నారు. “ఏయే చోట్ల ఏమేం చేయాలో అనుబంధంలో పెట్టండి. అతిథిగారి మార్గం అని పైన రాయండి. ఆ మాట చూస్తే ఎవరూ కొర్రీలు వేయరు.”

త్యాగరాజు టైపు చేయడం మొదలుపెట్టాడు. హైవే మలుపు దగ్గర గుంట. ఆఫీసు ముందు చెత్తకుప్ప. మూడో వరసకు వచ్చేసరికి వేళ్లు ఆగాయి. తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. జీవితంలో తొలిసారిగా, ఎవరూ చెప్పని మాట ఒకటి తనంతట తాను టైపు చేశాడు: ‘వేములదిన్నె, సర్వే నంబరు 114, కరెంటు తీగ ఎత్తు పెంచవలెను.’ వేములదిన్నె హైవేకి ఇరవై రెండు కిలోమీటర్ల దూరం. మంచినీళ్లు తాగొచ్చి నాలుగో వరసలో బాలికల పాఠశాల తలుపు పెట్టాడు. ఐదులో చెంచయ్య డొంక. ఆ తర్వాత వేళ్లు ఆగలేదు. దసరాకు వెళ్లిన బస్సు వచ్చింది, గాలికొట్టే పంపు వచ్చింది, వెలగని స్తంభాలు బారులు తీరాయి. సాయంత్రానికి అనుబంధం నలభై ఆరు పేజీలైంది. దాని ప్రకారం ముఖ్య అతిథి ఒక్క పూటలో ముప్పై ఎనిమిది ఊళ్లు, ఆరువందల పదమూడు స్థలాలు, అందులో రెండు వందలు మిరపచేలు, దాటుకుంటూ వచ్చి పదకొండింటికల్లా జ్యోతి వెలిగిస్తారు.

రామకాంత్ గారు కాగితాల బరువు చూసి సంతోషించి, తొమ్మిది ప్రతుల మీదా సంతకాలు చేశారు. అనుబంధం చదివే దురలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

మంగళవారం తెల్లవారి నుంచి గుండ్లవాగు డివిజన్‌లో జరిగినదాన్ని ప్రజలు ఇప్పటికీ పూర్తిగా నమ్మరు. రోడ్ల శాఖ వాళ్లు రోడ్లు చూశారు. నీళ్ల శాఖ వాళ్లు కుళాయిలు చూశారు. ఏ శాఖా పక్క శాఖ కాగితం చూడలేదు గనుక, ఈ దారి దారిలా లేదే అని ఎవరికీ అనిపించలేదు. ఒక ఇంజనీరుకు మాత్రం అనుమానం వచ్చి, అతిథిగారు చేపల చెరువు మధ్యలోంచి ఎలా వెళతారని తన పైవాడిని అడిగాడట. ‘పెద్దవాళ్ల ప్రయాణాల గురించి మనకెందుకయ్యా, గట్టు వేయించు’ అన్నాడట ఆయన. మూడేళ్లు నిధుల్లేక ఆగిన పనులు మూడు రోజుల్లో నడిచాయి. మట్టి దొరకదన్నచోట మట్టి దొరికింది. సిబ్బంది లేరన్నచోట సిబ్బంది పుట్టుకొచ్చారు. బుధవారం సాయంత్రం బస్సు ఊళ్లోకి వస్తే జనం దాన్ని గుర్తుపట్టక పక్కకు తప్పుకున్నారు. గురువారం బాలికల పాఠశాలకు తలుపు వచ్చింది.

శుక్రవారం రెండింటికి రామకాంత్ గారికి ఫోనొచ్చింది. అతిథిగారికి వేరే చోట అంతకన్న పెద్ద దండ సిద్ధమైందట. రారు. వీడియోలో నాలుగు నిమిషాలు ఆశీర్వదిస్తారు.

“పనులన్నీ ఎక్కడివక్కడ ఆపేయమని తొమ్మిది శాఖలకూ వెంటనే మెసేజీ కొట్టండి త్యాగరాజుగారూ! అనవసరంగా ప్రజాధనం,” అన్నారు రామకాంత్ గారు.

“చిత్తం,” అన్నాడు త్యాగరాజు. నిమిషానికి అరవై మాటలు కొట్టే మనిషి ఆనాడు ఒంటివేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, రెండుసార్లు చెరిపి, ఒత్తులు సరిచూసుకుంటూ టైపు చేశాడు. అయినా నాలుగు లోపల అయిపోయింది. ఎంతసేపని లాగుతాడు? మెసేజీ వదిలి, స్కూటరు తీసి, వేములదిన్నె దారి పట్టాడు. కరెంటు శాఖవాళ్లు తీగల పనులు ఊరి పేర్ల అక్షరక్రమంలో చేసుకుపోతున్నారు. ‘వే’ చివర్లో వస్తుంది.

చేలోకి దిగేసరికి లైన్‌మన్ మాబు స్తంభం మీద ఉన్నాడు. లైను ఆపించి, పాత తీగ విప్పి, లాగి బిగించబోతున్నాడు. కింద పండు మిరప ఎర్రగా విరగకాసి ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లు కోత ఆపి చూస్తున్నారు. మాబు జేబులో ఫోను మోగింది. విని, తీగ అలాగే వదిలాడు.

“అమ్మా, ఆర్డరు క్యాన్సిలైందంట. దిగుతున్నా.”

“దిగు నాయనా,” అంది వెంకటరావమ్మ. “జాగ్రత్త, నిచ్చెన లేదు.”

మాబు కిందికి చూశాడు. స్తంభానికి ఆనించిన నిచ్చెన అప్పటికే నలుగురు ఆడవాళ్ల భుజాల మీద అవతలి గట్టుకు పోతోంది.

“ఏందమ్మా ఇది! ప్రభుత్వ ఉద్యోగిని అడ్డగిస్తే కేసయిద్ది!”

“పెట్టు. కేసుకు పోలీసోళ్లన్నా వస్తారు. వాళ్లు ఈ తీగ కింద నుంచే రావాల.”

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. మాబుకు గట్టు మీద త్యాగరాజు కనిపించాడు. “సారూ! మీరు ఆఫీసాయనేగా? మీరన్నా చెప్పండి, ఆపమని మెసేజీ వచ్చిందా లేదా?”

పన్నెండు జతల కళ్లు త్యాగరాజు మీదికి తిరిగాయి. పదమూడో జత వెంకటరావమ్మది. ఆ మెసేజీ పంపినవాడు తనే. ముప్పై ఏళ్లలో ఆఫీసు మాటకు ఎదురు మాట ఒక్కటి అని ఎరగడు. స్తంభం దగ్గరికి నడిచాడు.

“స్తంభం మీద ఉన్నప్పుడు ఫోను ఎత్తకూడదని మీకు రూలుందా లేదా?”

“ఉంది సారూ.”

“మరి ఎత్తావా?”

మాబు ఆలోచించాడు. రూలు ఎంత పెద్దదో, నేల ఎంత దూరమో లెక్క చూసుకున్నాడు. “ఎత్తలేదు సారూ,” అన్నాడు. “మోగినట్టుంది. దిగాక చూస్తా.”

పాతిక నిమిషాలు పట్టింది. అంతే. మూడేళ్లు, పన్నెండు కాగితాలు, కాలిపోయిన పత్తి లోడు ఒకవైపు, పాతిక నిమిషాలు ఒకవైపు. వెంకటరావమ్మ తీగ కిందికి వెళ్లి, చెయ్యి పైకి చాచి, మునివేళ్ల మీద లేచి చూసింది. అందలేదు. పోటు పెట్టిన సరుగుడు కర్ర పీకి గట్టు మీద పారేసింది.

“ఆ పెద్దాయన నిజంగా మా చేల్లోంచి పోతానన్నాడా?” అనడిగింది త్యాగరాజును.

“లేదమ్మా. ఆయనకు తెలియనే తెలియదు. నేనే రాశాను.”

పొగుడుతుందేమోనని ఆయన మనసు మూలలో ఆశ లేకపోలేదు. ఆమె కొంగు దులుపుకుని కోతలోకి వంగుతూ, “ముందే రాయకపోయావా,” అంది.

పురస్కార సభ వైభవంగా జరిగింది. వీడియోలో అతిథిగారి పెదవులు కదిలాయి, మాట వినిపించలేదు. అందరూ సమయానికి చప్పట్లు కొట్టారు. ఆరువందల పదమూడింటిలో నాలుగువందల ఒక్క పని పూర్తయిందని తేలడంతో, అర్జీలు పెట్టకముందే ప్రజల అవసరాలను పసిగట్టిన అధికారిగా రామకాంత్ గారికి అదనంగా శాలువా కప్పారు. ఆయన ఇప్పుడు తుళ్లూరు వైపు ఉన్నారు. మిగిలిన పనులు మెసేజీ అందిన నిమిషాన ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. చెంచయ్య డొంక సగం దాకా రాజమార్గం, ఆపైన బురద. పాఠశాల తలుపుకు గడియ బయటివైపే బిగించి వెళ్లారు. జ్ఞానప్రసూనాంబ బజారుకు పోయి లోపలి గడియ కొనుక్కొచ్చి, వడ్రంగిని పిలిచి బిగించుకుంది. ఆ రోజు త్యాగరాజుతో తలుపు గురించి ఏమీ అనలేదు. “ఈ వారం తొమ్మిదో తరగతిలో హాజరు పూర్తిగా ఉందండీ,” అని మాత్రం చెప్పి దీపం వెలిగించడానికి లోపలికి వెళ్లింది.

తర్వాత విచారణ జరిగింది. అతిథి రాని దారికి అంత ఖర్చు ఎందుకయిందని పైవాళ్లు అడిగారు. ఉత్తర్వు మీద అధికారి సంతకం, అమలు మీద తొమ్మిది శాఖల సంతకాలు ఉన్నాయి. ఇంతమంది గౌరవనీయులు తప్పు చేయరు గనుక తప్పు సర్వర్‌దని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పూడ్చిపెట్టిన ప్రజా సమస్యలను అనుమతి లేకుండా బయటపెట్టినందుకు దాన్ని విధుల నుంచి తప్పించి, నల్లపాడు పాతసామాన్ల గోదాముకు పంపారు. కొత్త సర్వర్ వచ్చింది. దీనిలో బటన్ నొక్కితే ఫైలు నిజంగానే పోతుంది. బతిమాలినా తిరిగి రాదు. త్యాగరాజు తన మీదికి మెమో వస్తుందని నెలరోజులు ఎదురుచూశాడు. రాలేదు. అంత పెద్ద పని ఒక టైపిస్టు చేసి ఉంటాడని ఊహించడం ఎవరికీ మర్యాదగా తోచలేదు.

ఇప్పుడు సోమవారాల్లో లైను ఇదివరకటి కన్న పొడుగు. కానీ కుళాయి రాలేదని, రోడ్డు లేదని ఎవరూ రాయడం లేదు. జనం తెలివిమీరారు. వినతులన్నిటా ఒకటే కోరిక: ‘మా ఊరి మీదుగా ఎవరైనా పెద్దవారిని పంపించగలరు. దిగనక్కర్లేదు. వెళ్తారని చెప్పినా చాలు.’ రెండు ఊళ్లవాళ్లు రానున్న అతిథి మాకంటే మాకని బస్టాండులో తన్నుకున్నారు. ఎవరొస్తారో, అసలు వస్తారో రారో అడిగినవాడు లేడు. త్యాగరాజు ఒక్కో కాగితమూ చదివే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఇప్పుడు అందులో చదవడానికేమీ ఉండదు.

వాళ్ల అమాయకత్వానికి నవ్వుకుంటున్నారు కదూ మీరు? నవ్వండి, తప్పులేదు. కిందటేడు మీ వీధిలో రాత్రికి రాత్రి గుంట పూడ్చి ముగ్గుపిండి చల్లినప్పుడు, కారులో వచ్చినాయన ఎవరో మీకూ తెలియదు. ఫోటోలో మాత్రం ఆయన పక్కన దండ పట్టుకుని, అందరికన్న వెడల్పుగా నవ్వుతున్నది మీరే.